క్లాక్ జనరేటర్ చిప్పులో రెండు పేర్ల పిన్నులు: ఎవరు, ఎప్పుడు నిర్ణయిస్తారు?

కొత్తచేయి
అందరికీ నమస్కారం. పాత ల్యాప్‌టాప్ బోర్డు ఒకదానికి కోర్‌బూట్ (తయారీదారు బయోస్ స్థానంలో పెట్టుకునే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్) పోర్ట్ చేస్తున్నా. కోర్ 2 డ్యుయో కాలం నాటిది. క్లాక్ చిప్పు, అంటే బోర్డులోని భాగాలకి క్లాకులు పంచే చిప్పు, సీకే505 రకం. బూట్ అవుతోంది, స్క్రీన్ వస్తోంది, చిక్కంతా క్లాక్ చిప్పు దగ్గరే.

డేటాషీట్ తెరిస్తే సగం పిన్నులకు రెండేసి పేర్లున్నాయి. పీసీఐ0/సీఆర్-ఏ, పీసీఐ2/టీఎంఈ, పీసీఐ4/27-సెలెక్ట్, పీసీఐఎఫ్5/ఐటీపీ-ఎనేబుల్. రెఫ్/ఎఫ్‌ఎస్-సి/టెస్ట్-సెలెక్ట్ అని ఇంకొకటి ఉంది, దానికైతే మూడు పేర్లు! ఒకే పిన్ను ఇన్‌పుట్టూ తనే, ఔట్‌పుట్టూ తనే అంటే నాకు ఎక్కడం లేదు. నిర్ణయించేది బోర్డా, బయోసా, నేనా?

ఇంతకీ నాకు కావలసింది చిన్న పని. వైఫై కార్డు ఖాళీగా ఉన్నప్పుడు దానికి వెళ్ళే 100 మెగాహెర్ట్జ్ క్లాక్ ఆగాలి. వైఫై ఉన్నది ఎస్‌ఆర్‌సీ2 జత మీద (ఎస్‌ఆర్‌సీలంటే పీసీఐఈ పరికరాలకి వెళ్ళే 100 మెగాహెర్ట్జ్ క్లాక్ జతలు). లైనక్స్ నుంచి చిప్పు రిజిస్టర్లలో బైట్ 2లో బిట్ 0 తీసేసి, బైట్ 5లో హెక్స్ సి0 రాశా. ఆ విలువ ఇంకో బోర్డు పోర్టులో ఉంది. రాయగానే వైఫై మాయం. విచిత్రం ఏమిటంటే ఎల్‌పీసీ హెడర్‌కి తగిలించిన పోస్ట్‌కోడ్ కార్డు (బూట్ ఎంతదాకా వచ్చిందో చూపే డీబగ్ కార్డు) కూడా అప్పుడే పడుకుంది. రీస్టార్ట్ చేసినా రెండూ లేవలేదు. కరెంటు పూర్తిగా తీసి పెడితే లేచాయి.

ఇంకోటి, మీటరుతో పీసీఐ4 పిన్ను చూస్తే 1.6 వోల్టులు. ఇది ఒకటా, సున్నానా?

టంకంపొగ
చివరి ప్రశ్నతో మొదలెడతా, అందులోనే సగం జవాబుంది. 1.6 అంటే ఒకటీ కాదు, సున్నా కాదు. ఆ పిన్ను 33 మెగాహెర్ట్జ్‌తో 0కీ 3.3కీ మధ్య ఊగుతోంది. డీసీ రేంజిలో మీటరు చూపించేది సగటు. సగం సేపు పైన, సగం సేపు కింద కాబట్టి సుమారు 1.65 వస్తుంది. అంటే మీరు చూసింది పీసీఐ4 అనే ఔట్‌పుట్‌ని. 27-సెలెక్ట్ అనే ఇన్‌పుట్ పని అప్పటికే అయిపోయింది.

పవర్ వచ్చిన తొలి క్షణాల్లో ఇలాంటి పిన్నులు ఇన్‌పుట్లే. అప్పటికి చిప్పు ఏ క్లాకునీ బయటికి వదలదు. బోర్డు మీద 10 కిలోఓముల రెసిస్టర్ ఒకటి పిన్నుని 3.3 వైపో గ్రౌండ్ వైపో లాగి ఉంచుతుంది. దీన్నే స్ట్రాప్ అంటారు. సీకే-పవర్‌గుడ్ సిగ్నల్ మొదటిసారి పైకి లేచినప్పుడు చిప్పు ఆ స్థాయిని చదివి లోపల ల్యాచ్ చేసుకుంటుంది, అంటే పట్టి ఉంచుకుంటుంది. ఆ తర్వాత అదే పిన్ను ఔట్‌పుట్‌గా మారి క్లాక్ వదలడం మొదలెడుతుంది. 10 కిలోఓములు ఎందుకంటే, చదివేటప్పుడు స్థాయి స్థిరంగా ఉండటానికి అది చాలు, క్లాక్ నడిచేటప్పుడు ఔట్‌పుట్‌కి అది బరువే కాదు.

కాబట్టి స్ట్రాప్ ఎటుందో తెలుసుకోవాలంటే బ్యాటరీ, అడాప్టర్ రెండూ తీసేసి, ఆ పిన్ను నుంచి 3.3 రైలుకి ఎంత, గ్రౌండుకి ఎంత అని ఓముల్లో కొలవండి. స్కోప్ ఉంటే సీకే-పవర్‌గుడ్ అంచు మీద సింగిల్ ట్రిగ్గర్ పెట్టండి. ముందు నిలకడగా ఒక గీత, ఆ వెంటనే క్లాక్. రెండు పాత్రలూ ఒకే స్క్రీన్ మీద కనబడతాయి.

ఆ సీకే-పవర్‌గుడ్ పిన్ను కూడా రెండు పేర్లదే. మొదటి లేపుకి 'స్ట్రాపులు చదువు' అని అర్థం. ఆ తర్వాత జీవితాంతం అది పవర్‌డౌన్ ఇన్‌పుట్, కిందికి లాగితే క్లాకులు ఆగుతాయి.

ఒక హెచ్చరిక. స్ట్రాపుల పేర్లు చిప్పుని బట్టి మారతాయి. కొన్నిటిలో పీసీఐ4 దగ్గర 27-సెలెక్ట్ ఉంటుంది, కొన్నిటిలో అదే చోట ఎస్‌ఆర్‌సీ5-ఎనేబుల్ ఉంటుంది. చిప్పు మీద అచ్చయిన నంబరు మొత్తం, చివరి అక్షరాలతో సహా చదివి దాని డేటాషీటే చూడండి.

జంపర్లకాలం
ఇది కొత్తగా వచ్చిన వింతేం కాదు. పెంటియం-2, పెంటియం-3 బోర్డుల క్లాక్ చిప్పుల్లోనూ ఇదే కథ. క్లాక్ వేగం ఎంచే పిన్నులు ఎఫ్‌ఎస్0 నుంచి ఎఫ్‌ఎస్3 దాకా, పైన మోడ్ పిన్ను ఒకటి, మొత్తం ఐదు బిట్ల ల్యాచ్. చిప్పు లోపలే 120 కిలోఓముల ప్రాంతంలో పుల్-అప్ ఉండేది. అంటే ఏమీ పెట్టకపోతే ఒకటి, బయట 10 కిలోఓములతో గ్రౌండుకి లాగితే సున్నా. బోర్డు మీద ఎఫ్‌ఎస్‌బీ (ప్రాసెసర్, చిప్‌సెట్ మధ్య బస్సు) జంపర్లని మనం మార్చేది ఈ 10 కిలోఓముల దారినే.

అప్పట్లో లేఅవుట్ చేసేవాళ్ళు పాటించే నియమం ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. స్ట్రాప్ రెసిస్టర్ పిన్నుకి ఆనుకుని ఉండాలి, జంపరు ఎంత దూరంలో ఉన్నా ఫరవాలేదు. రెసిస్టర్‌కి ఇవతల పొడుగాటి ముక్క వదిలేస్తే అది క్లాక్ లైనుకి తోకలాగా తగులుకుని రిఫ్లెక్షన్లు తెస్తుంది.

ఇంకో మోసం ఉంది. క్లాక్ అందుకునే అవతలి చిప్పులో సొంత పుల్-అప్ ఉంటే, మీరు గ్రౌండుకి పెట్టిన 10 కిలోఓములతో అది పోట్లాడుతుంది. స్ట్రాప్ సరిగ్గానే పెట్టాం, అయినా తప్పు చదువుతోంది అని తల పట్టుకునే కేసుల్లో ముందు అవతలి చివర ఏముందో చూడాలి.

ఫర్మ్‌వేర్‌గోల
కొత్తచేయి గారూ, మీ వైఫై మాయం వెనకున్నది స్ట్రాపులు కాదు, అది వేరే జాతి. రెండు పేర్ల పిన్నులన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు.

టీఎంఈ, 27-సెలెక్ట్, ఐటీపీ-ఎనేబుల్ లాంటివి బోర్డు చెప్పేవి. పవర్ వచ్చినప్పుడు ఒక్కసారి చదవడమే, తర్వాత రిజిస్టర్లో ఏం రాసినా స్ట్రాప్ మారదు. సీఆర్-ఏ, సీఆర్-బి, సీఆర్-సి, సీఆర్-డి మాత్రం ఫర్మ్‌వేర్ చెప్పేవి. పవర్ ఆన్‌లో అవి మామూలు క్లాక్ ఔట్‌పుట్లు. ఎస్‌ఎంబస్ (చిప్పు రిజిస్టర్లు చదివే, రాసే బస్సు) మీద మీరు రాస్తేనే క్లాక్-రిక్వెస్ట్ ఇన్‌పుట్లుగా, అంటే కార్డు 'నాకు క్లాక్ కావాలి' అని అడిగే పిన్నులుగా, మారతాయి.

మార్చడానికి వరస ఉంది. ముందు ఆ పిన్ను ఔట్‌పుట్‌ని ఆపాలి, తర్వాతే దాన్ని ఇన్‌పుట్‌గా ప్రకటించాలి. పీసీఐ0 అయితే బైట్ 2, బిట్ 0 సున్నా చేయాలి. అప్పుడు పిన్ను హై-జెడ్‌లోకి, అంటే పైకీ కిందికీ లాగని స్థితిలోకి, వెళ్తుంది. ఆ తర్వాత బైట్ 5, బిట్ 7 ఒకటి చేస్తే అది సీఆర్-ఏ. బిట్ 6 సున్నా అయితే ఎస్‌ఆర్‌సీ0 జతని, ఒకటి అయితే ఎస్‌ఆర్‌సీ2 జతని నడిపిస్తుంది.

అంటే సి0 రాస్తే, సీఆర్-ఏ ఆన్, ఎస్‌ఆర్‌సీ2 దాని చేతిలో. వరస కూడా మీరు సరిగ్గానే పాటించారు. చిప్పు మీరు చెప్పిందే చేసింది. సీఆర్ కిందికి ఉంటే క్లాక్ నడుస్తుంది, పైన ఉంటే ఆగుతుంది. వైఫై పోయిందంటే ఆ పిన్ను పైన ఉంది, లేదా గాల్లో తేలుతోంది. నన్నడిగితే మీ బోర్డులో వైఫై క్లాక్-రిక్వెస్ట్ తీగ ఆ పిన్నుకి రాలేదు.

టంకంపొగ
సాక్ష్యం ఆయన మొదటి పోస్టులోనే ఉంది, పోస్ట్‌కోడ్ కార్డు. ఎల్‌పీసీ హెడర్‌కి 33 మెగాహెర్ట్జ్ క్లాక్ కావాలి. పీసీఐ0 ఆపగానే కార్డు పడుకుందంటే ఆ హెడర్ క్లాకు పీసీఐ0 నుంచే వస్తోంది. ఈ బోర్డు గీసినాయన దృష్టిలో ఆ పిన్ను పీసీఐ0 మాత్రమే. సీఆర్-ఏ అన్నది డేటాషీట్లో ఉన్నా ఈ బోర్డులో లేదు.

స్కీమాటిక్ లేకపోయినా ఇది పట్టడానికి సులువు ఉంది. పిన్ను పక్కనున్న సిరీస్ రెసిస్టర్ చూడండి. 33 ఓములో 22 ఓములో ఉంటే అది క్లాక్ ఔట్‌పుట్. 475 ఓములు ఉంటే క్లాక్-రిక్వెస్ట్. సీకే505 బోర్డుల్లో ఈ 475 చాలాచోట్ల కనబడుతుంది. ఊరికే పెట్టలేదు దాన్ని. పవర్ వచ్చినప్పటి నుంచి ఫర్మ్‌వేర్ బైట్ 5 రాసేదాకా ఆ పిన్ను 3.3 వోల్టుల క్లాక్ వదులుతూనే ఉంటుంది. అవతల కార్డు అదే తీగని గ్రౌండుకి లాగుతూ ఉంటుంది. మధ్యలో 33 ఓములే ఉంటే, డ్రైవర్ సొంత అడ్డు ఇంకో 17 వేసుకున్నా, 3.3 బై 50, అంటే 66 మిల్లీఆంపియర్లు. 475 ఉంటే 7 కూడా దాటదు. ఆ కొద్ది క్షణాలు ఇద్దరూ చెరో వైపు లాగినా ఎవరికీ దెబ్బ తగలదు.

చిప్పు చుట్టూ వెతకండి. రిక్వెస్ట్ తీగ అవతలి చివర మినీ పీసీఐఈ స్లాటు 7వ పిన్ను. క్లాక్ జత 11, 13 పిన్నులు.

కొత్తచేయి
పవర్ తీసి కొలిచా. పీసీఐ0 దగ్గర 33 ఓములు, అక్కడి నుంచి నేరుగా ఎల్‌పీసీ హెడర్‌కే. మీరన్నట్టే.

స్లాటు 7వ పిన్ను నుంచి వెనక్కి వస్తే చిప్పు దగ్గర 475 ఓముల చిన్న రెసిస్టర్ దొరికింది! దాని అవతల ఎస్‌ఆర్‌సీ3 ట్రూ పిన్ను. డేటాషీట్లో ఆ పిన్నుకి రెండో పేరు సీఆర్-సి. స్లాటు వైపు 10 కిలోఓములతో 3.3కి పుల్-అప్ కూడా ఉంది.

ఫర్మ్‌వేర్‌గోల
అయితే దారి దొరికింది. సీఆర్-సి కూడా ఎస్‌ఆర్‌సీ0 లేదా ఎస్‌ఆర్‌సీ2నే నడిపిస్తుంది. ఎస్‌ఆర్‌సీ3 జతని ఆపడానికి బైట్ 4, బిట్ 7 సున్నా. తర్వాత బైట్ 5లో బిట్ 3 ఒకటి (సీఆర్-సి ఆన్), బిట్ 2 ఒకటి (ఎస్‌ఆర్‌సీ2). వెరసి బైట్ 5 విలువ హెక్స్ 0సి. పీసీఐ0ని ముట్టుకోకండి, డీబగ్ కార్డు మీకింకా అవసరం పడుతుంది.

రాసేముందు అసలు తయారీదారు బయోస్‌తో బూట్ చేసి, మొత్తం రిజిస్టర్లు ఒకసారి చదివి దాచుకోండి. చిప్పు 7-బిట్ అడ్రస్ హెక్స్ 69. దీన్ని బ్లాక్ పద్ధతిలో చదవాలి. ముందు బైట్ల లెక్క వస్తుంది, ఆ వెనక బైట్ 0 నుంచి వరసగా. కొన్ని కుటుంబాల్లో కమాండ్ బైటు పై బిట్ ఒకటి చేస్తే విడి బైటు కూడా రాయొచ్చు, కానీ అన్నిటిలో ఉండదు.

బస్సు మీద ఎవరున్నారో వెతకడానికి ఐ2సీడిటెక్ట్‌ని 'ఆర్' ఆప్షన్‌తో మాత్రం వాడకండి. రాయడమే తప్ప చదవనివ్వని కొన్ని చిప్పుల వల్ల, ముఖ్యంగా 69 దగ్గరుండే క్లాక్ చిప్పుల వల్ల, బస్సు బిగుసుకుపోతుందని దాని మాన్యువల్లోనే రాసుంది.

స్పీడుపిచ్చి
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. టీఎంఈ పేరు వినబడింది కదా, ఆగలేకపోయా. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ టూల్‌తో ఎఫ్‌ఎస్‌బీ పెంచుదామంటే స్లైడర్ కదులుతుంది, స్పీడు కదలదు. టీఎంఈ లాక్ అంటున్నారు. రిజిస్టర్‌తో తీసే మార్గం లేదా గురూ?

టంకంపొగ
లేదు. టీఎంఈ అంటే ట్రస్టెడ్ మోడ్ ఎనేబుల్. ల్యాచ్ అయినప్పుడు అది ఒకటిగా ఉంటే సీపీయూ, ఎస్‌ఆర్‌సీ క్లాకుల వేగం మార్చడానికి చిప్పు ఒప్పుకోదు. సున్నా అయితే ఒప్పుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌తో తీయగలిగితే అది తాళమే కాదు కదా.

బోర్డు మీద పీసీఐ2 పిన్నుని 3.3కి లాగుతున్న 10 కిలోఓముల రెసిస్టర్ ఎత్తేసి, అంతే విలువది గ్రౌండు వైపు పెడితే తెరుచుకుంటుంది. చాలా బోర్డుల్లో గ్రౌండు వైపు ఖాళీ ప్యాడ్లు ముందే ఉంటాయి. 33 ఓముల సిరీస్ రెసిస్టర్‌ని ఎత్తకండి, అది పీసీఐ క్లాక్ వెళ్ళే దారి. పని అయ్యాక రీస్టార్ట్ చేసి 'ఏమీ మారలేదే' అనకండి. రీస్టార్ట్‌లో చిప్పుకి కరెంటు పోదు, స్ట్రాపు మళ్ళీ చదవదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి లేపాలి.

ఇంకా, ఎస్‌ఆర్‌సీ కూడా పాటు పెరిగితే పీసీఐఈ మీదున్నవన్నీ 100 దాటి పరిగెడతాయి. డిస్కు, నెట్‌వర్క్ కార్డు తప్పులు చేస్తే ప్రాసెసర్ని తిట్టకండి.

స్పీడుపిచ్చి
మరి ఎఫ్‌ఎస్-ఎ, బి, సి స్ట్రాపులు మార్చి నేరుగా 200 నుంచి 266కి తీసుకెళ్తే? అది ఓవర్‌క్లాక్ కింద లెక్క కాదేమో చిప్పుకి.

టంకంపొగ
కాదు, నిజమే, టీఎంఈ దానికి అడ్డు రాదు. సి, బి, ఎ వరసలో 010 అంటే 200 మెగాహెర్ట్జ్, 000 అంటే 266. అంటే ఎఫ్‌ఎస్-బిని కిందికి లాగితే చాలు. ప్రాసెసరూ, చిప్‌సెట్టూ ఆ 33 శాతం పెంపుని తట్టుకోవాలి, అది వేరే దారంలో మాట్లాడుకుందాం.

కానీ ఈ మూడు పిన్నులకి 3.3 వోల్టులు మాత్రం కట్టొద్దు. ఈ స్ట్రాపులు బోర్డు మీద రెసిస్టర్లతో స్థిరంగా పెట్టినవి కావు, ప్రాసెసర్ తన బీసెల్ పిన్నుల నుంచి పంపేవి. అక్కడి వోల్టేజి 1.05 ప్రాంతం. అందుకే గీతలు కూడా కిందే ఉంటాయి: 0.35 లోపు సున్నా, 0.7 పైన ఒకటి. ఎఫ్‌ఎస్-సికి మూడో పేరు టెస్ట్-సెలెక్ట్ అనేది ఇక్కడే పనికొస్తుంది. ల్యాచ్ సమయంలో దాని మీద 2 వోల్టులు దాటితే చిప్పు టెస్ట్ మోడ్‌లోకి పోతుంది. అప్పుడు ఎఫ్‌ఎస్-బి కూడా వేషం మార్చి టెస్ట్-మోడ్ పిన్ను అవుతుంది. అది సున్నా అయితే ఔట్‌పుట్లన్నీ హై-జెడ్, ఒకటి అయితే రెఫరెన్స్‌ని ఏదో సంఖ్యతో భాగించిన క్లాకు. రెండిట్లో ఏదైనా బోర్డు లేవదు. 'ఒకటి కావాలి కదా' అని 3.3కి కట్టి, చిప్పు కాలిందని పారేసిన బోర్డులు నా బల్ల మీదకే వచ్చాయి. ఆ తీగ తీసేస్తే మామూలుగా లేచాయి.

జంపర్లకాలం
పాత చిప్పుల్లో ఎఫ్‌ఎస్ పిన్నులు 3.3 స్థాయివే. ఆ అలవాటుతో కొత్త బోర్డు మీద చెయ్యేస్తే జరిగేది ఇదే.

మోడరేటర్
ఓవర్‌క్లాక్ సంగతులు ఇక ఆ విభాగంలో. ఈ దారం పిన్నుల గురించే ఉండనిద్దాం.

కొత్తచేయి
తయారీదారు బయోస్‌తో చదివా. బైట్ 4 హెక్స్ 7ఎఫ్, బైట్ 5 హెక్స్ 0సి. మీరు లెక్కగట్టిందే!

లైనక్స్ నుంచి అదే రాశా. ముందు బైట్ 4, తర్వాత బైట్ 5. వైఫై బతికే ఉంది, పోస్ట్‌కోడ్ కార్డూ పనిచేస్తోంది. అయితే స్కోప్‌లో ఎస్‌ఆర్‌సీ2 ఎప్పుడూ నడుస్తూనే ఉంది. కార్డు ఖాళీగా ఉన్నా ఆగట్లేదు. 7వ పిన్ను అస్తమానం కిందే ఉంటోంది.

ఫర్మ్‌వేర్‌గోల
క్లాక్ చిప్పు తన వంతు చేసింది. ఇప్పుడు తీగని వదలనిది కార్డు. పీసీఐఈ లింకు ఎల్1 అనే నిద్ర స్థితిలోకి వెళ్ళి, క్లాక్ పవర్ మేనేజ్‌మెంట్ ఆన్ అయితేనే కార్డు రిక్వెస్ట్‌ని వదులుతుంది. ఎల్‌ఎస్‌పీసీఐని రెండు 'వి'లతో కొట్టి చూడండి. లింక్ కేపబిలిటీ వరసలో క్లాక్‌పీఎం పక్కన ప్లస్ ఉండాలి, అంటే కార్డుకి ఆ విద్య వచ్చు. లింక్ కంట్రోల్ వరసలోనూ ప్లస్ ఉండాలి, అంటే దాన్ని వాడమని చెప్పారు. మొదటి చోట మైనస్ ఉంటే ఆ కార్డుతో ఆశ వదులుకోండి. రెండో చోట మాత్రమే మైనస్ ఉంటే ఏఎస్‌పీఎం (పీసీఐఈ లింకు కరెంటు పొదుపు) పాలసీని పవర్‌సేవ్‌కి మార్చి చూడండి.

కొత్తచేయి
మొదటి చోట ప్లస్, రెండో చోట మైనస్. పాలసీ మార్చగానే 7వ పిన్ను పైకీ కిందికీ ఆడుతోంది, ఎస్‌ఆర్‌సీ2 దానితో పాటే ఆగుతూ నడుస్తూ ఉంది. చూడటానికే ముచ్చటగా ఉంది.

ఒక్క సందేహం. కోర్‌బూట్‌లో సీకే505 డ్రైవర్‌కి మాస్క్, రెగ్స్ అని రెండు వరసలివ్వాలి. మాస్క్‌లో బైట్ 4కి 80, బైట్ 5కి 0సి, రెగ్స్‌లో 00, 0సి, మిగతావన్నీ సున్నాలు. సరిపోతుందా? డ్రైవర్ అంతా ఒకే బ్లాకుగా రాసేస్తుంది కదా, 'ముందు ఆపు, తర్వాత మార్చు' అన్న వరస ఏమవుతుంది?

ఫర్మ్‌వేర్‌గోల
మాస్క్ అలాగే ఉంచండి. మాస్క్‌లో సున్నా ఉన్న బిట్లని డ్రైవర్ చిప్పు నుంచి చదివిన విలువతోనే తిరిగి రాస్తుంది కాబట్టి క్లాకుల వేగం తేల్చే పీఎల్ఎల్ బైట్లకి ప్రమాదం లేదు.

వరస సంగతికొస్తే, బ్లాకులో బైట్ 4 ముందే వెళ్తుంది. పైగా ఎస్‌ఆర్‌సీ3 ఊగేది 0.7 వోల్టులే, మధ్యలో 475 ఉంది. ఇక్కడ నేనైతే పట్టించుకోను. అదే పీసీఐ0 లేదా పీసీఐ1ని మార్చాల్సి వస్తే మాత్రం ఒకే బ్లాకుని నమ్మను, రెండు రాతలు విడివిడిగా రాస్తా.

టంకంపొగ
సస్పెండ్ కూడా పరీక్షించండి. చిప్పు ఉన్నది ఎస్0 రైలు మీద, అంటే మెషిన్ మేలుకుని ఉన్నప్పుడే ఉండే కరెంటు మీద. ఎస్3 (సస్పెండ్)లోకి వెళ్తే దాని కరెంటు పోతుంది. లేచినప్పుడు స్ట్రాపులు మళ్ళీ చదువుకుంటుంది, రిజిస్టర్లన్నీ డిఫాల్ట్‌కి వస్తాయి, సీఆర్-సి మళ్ళీ ఎస్‌ఆర్‌సీ3 అవుతుంది. లైనక్స్ నుంచి చేత్తో రాసింది ఒక్క నిద్రతో పోతుంది.

కొత్తచేయి
చేత్తో రాసినప్పుడు పోయింది, అవును. సస్పెండ్ నుంచి లేచాక బైట్ 5 చదివితే 00. ఇప్పుడు కోర్‌బూట్ డివైస్‌ట్రీలో (బోర్డు సెట్టింగుల ఫైలు) పెట్టి మళ్ళీ ఫ్లాష్ చేశా. రిజ్యూమ్ దారిలోనూ డ్రైవర్ నడుస్తోంది, లేచాక బైట్ 4 7ఎఫ్, బైట్ 5 0సి. ప్యాచ్ రివ్యూకి పంపిస్తున్నా. పీసీఐ0ని ఎందుకు వదిలేశామో, 475 ఓముల రెసిస్టర్ ఎక్కడుందో కామెంటులో రాశా.